తూకానికి పోవాల్సిన మిషను

నా గడ్డం కింద ఒక మచ్చ ఉంది. చూసినవాళ్లు చిన్నప్పుడు ఎక్కడో పడి ఉంటుందనుకుంటారు. కాదు, నలభై నాలుగేళ్ల వయసులో కాఫీ మిషను కొట్టింది. ఈ మాట చెప్పగానే నవ్వుతారు. నవ్వితే నాకేమీ పోదు. నవ్వేవాళ్ల ముందు పని చేసుకోవడం నాకు పాత అలవాటే.

మాది బీదరు. కోటకు పోయే రోడ్డులో ఒక షట్టరు గది అద్దెకు తీసుకుని పదకొండేళ్లుగా చాయ్ దుకాణం నడుపుతున్నాను. పెళ్లి మూడేళ్లకే తెగిపోయింది, దాని గురించి ఇక్కడ చెప్పను. మా నాయన నాతోనే ఉంటాడు. ముప్పై ఏళ్లు ఆయన బోరింగు మెకానిక్కు. ధన్నూర నుంచి కమలనగర్ దాకా ఏ ఊళ్లో చేతిపంపు ఆగిపోయినా సైకిలుకు పానాల పెట్టె కట్టుకుని బయల్దేరేవాడు. నేనూ వస్తానని చిన్నప్పుడు ఎన్నిసార్లు ఏడ్చానో లెక్కలేదు. తమ్ముణ్ణి తీసుకుపోయేవాడు. వాడికి పైపు పట్టుకోవాలంటే బద్ధకం, ఏ నీడ దొరికితే ఆ నీడన పడుకునేవాడు. నాకు మాత్రం "పానా ఆడపిల్ల చేతికి ఒదగది బిడ్డా, నువ్వు ఇంట్ల పని జూడు" అని చెప్పేవాడు. తమ్ముడిప్పుడు బ్యాంకులో ఉన్నాడు. పానాల పెట్టె మంచం కింద తుప్పు పడుతూ ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

రెండేళ్ల కిందట, వానలు వెనకబట్టాక, కొత్త కెటిలు కొనడానికి గిన్నెల సావుకారి దగ్గరికి పోయాను. మూడు తరాలుగా బజారులో ఇత్తడి, స్టీలు సామాను అమ్ముతున్న ఇల్లు వాళ్లది. పెళ్లి సామాను కావాలంటే ఊరంతా అక్కడికే పోతుంది. ఆ రోజు ఆయన గోదాం ఖాళీ చేయిస్తున్నాడు. పెద్ద గుండిగల వెనక ఒక వింత వస్తువు కనిపించింది. రాగి పొట్ట, ఆకుపచ్చగా చిలుము పట్టిన ఇత్తడి తల, ముందుకు పొడుచుకువచ్చిన పొడుగాటి ఇనుప చెయ్యి, దానికో చెక్క పిడి. ముందు రేకు మీద అక్షరాలు ఇంగ్లీషువే, మాటలు మాత్రం ఇంగ్లీషువి కావు.

"ఇదేంది సావుకారీ?"

"కాఫీ మిషనంట చెల్లె. ఎప్పుడో బందైన హోటల్ సామాన్ల మా బాపు కొన్నడు. మా దగ్గరికొచ్చినంక ఒక్కసారి గూడ నడవలే. గోదాం సాఫ్ చేస్తున్న గద, దీపావళికి దీన్ని తూకానికేస్త."

తూకానికి వెయ్యడమంటే సుత్తెతో పగలగొట్టి రాగి రాగికి, ఇత్తడి ఇత్తడికి వేరు చేసి అమ్మడం. నేను చెక్క పిడి పట్టుకుని కిందికి గుంజాను. సగం దిగి ఆగింది. లోపల ఏదో స్ప్రింగు నా చేతిని గట్టిగా వెనక్కి లాగింది. అన్నేళ్లు మూలన పడి ఉన్నా అంత బలం ఉందంటే దాన్ని పగలగొట్టడం పాపమనిపించింది.

"నాకియ్యండి. నేను నడిపిస్త."

సావుకారి నవ్వాడు. ఆయన్ని చూసి హమాలీలూ నవ్వారు. "నువ్వా? మీ నాయిన నడిపిస్తనంటే అదొక మాట."

"మా నాయిన గాదు. నేనే."

"సరే, తీస్కపో. దీపావళి లోపల నడిస్తే నీది. నడవకుంటే తూకానిది." అయిదుగురి ముందు, గల్లాపెట్టె మీద చెయ్యి కొట్టి మరీ అన్నాడు. నేను కెటిలు కొనకుండా మిషను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వచ్చాను.

నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "ఎందుకు పరేషాన్ బిడ్డా? నీ చాయ్ నీకు నడుస్తనే ఉంది గద" అన్నాడు. నేను మంచం కింది పెట్టె బయటికి లాగాను. ఆయన అరిచాడు. నేనూ అరిచాను. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. ఆ రోజు మా ఇంట్లో ఇద్దరు మొండివాళ్లు ఉన్నారు, పెట్టె మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మధ్యాహ్నం గిరాకీ లేని రెండు గంటలు, ఆదివారం గుడి నుంచి వచ్చాక మిగిలిన పూటంతా దాంతోనే గడిచేది. ప్రతి బోల్టు తీసినప్పుడల్లా దాని పక్కన సుద్దముక్కతో అంకె వేసి, ఫోనులో ఫోటో తీసుకున్నాను. బాయిలరు మూత తెరిస్తే లోపల గోడలకు వేలి మందాన సున్నపు గార. మా అమ్మ ఇత్తడి బిందెలు దేంతో తోమిందో నేనూ దాంతోనే మొదలుపెట్టాను. కిలో చింతపండు నానబెట్టి, పిసికి, బాయిలర్లో పోసి కింద మంట పెట్టాను. గార కరిగింది, నిజమే. రాగి కొత్త పెళ్లికూతురిలా మెరిసింది. కానీ చింతపండు పీచంతా సన్నటి గొట్టాల్లోకి పోయి ఇరుక్కుంది. నీటిమట్టం చూపించే గాజు నాళంలో ఒక చింతగింజ నిలబడి నన్నే చూస్తోంది. ఆ పీచు బయటికి తీయడానికి సైకిలు బ్రేకు తీగతో పన్నెండు రోజులు పట్టింది. తీస్తూ తీస్తూ ఆ గాజు నాళం కూడా పగలగొట్టాను. అప్పటికి దీపావళికి నెలా పది రోజులే మిగిలింది.

అసలు రోగం పిస్టన్‌లో ఉంది. ఈ మిషనుకు మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. చెయ్యి కిందికి గుంజితే స్ప్రింగు ముడుచుకుంటుంది, పిస్టన్ పైకి లేస్తుంది, దాని కిందికి వేడినీళ్లు వస్తాయి. చెయ్యి వదిలితే స్ప్రింగు పిస్టన్‌ను కిందికి తోస్తుంది, నీళ్లు కాఫీ పొడిలోంచి దూరి కప్పులో పడతాయి. అంతే. ఆ పిస్టన్ చుట్టూ గిన్నెల్లాంటి మూడు వాచర్లు ఉంటాయి, నీళ్లు పక్కల నుంచి జారిపోకుండా ఆపేవి అవే. మా మిషనులో అవి ఎండిపోయి పొడిపొడిగా రాలాయి.

వాటిని నాయన చేతిలోకి తీసుకుని చూశాడు. మొదటిసారి ఆయన కళ్లల్లో కాస్త ఆసక్తి కనిపించింది. "అరే, ఇవి మన బోరింగు వాచర్లే గద!" అన్నాడు. పాత బోరింగుల్లో పిస్టన్‌కు తోలు వాచర్లు వేసేవారు. ఆయన దగ్గర మూడు మిగిలున్నాయి. ఆముదంలో నానబెట్టి, కోసి, కొలతకు కుదించి ఇచ్చాడు. నేను కళ్లకద్దుకుని బిగించాను. బోరింగులో వచ్చేవి చల్లటి నీళ్లు, ఇక్కడ సలసల మరిగే నీళ్లని మా ఇద్దరికీ తోచలేదు. పగిలిన గాజు నాళం చోట బిరడా బిగించి మంట పెడితే, మూడో గుంజుడుకే తోలు ఉడికి ముడుచుకుపోయింది. కప్పులో పడిన నీళ్లు చెప్పులు ఉడకబెట్టిన వాసన కొట్టాయి. చాయ్ తాగుతున్న ఆఫీసు గుమాస్తాలు ముక్కు మూసుకుని లేచిపోయారు. దుకాణంలో ఆ వాసన మూడు రోజులు ఉంది. నాయన ఆసక్తీ అక్కడితో సరి.

తోలు పనికిరాకపోతే ఏది పనికొస్తుందని నేను బస్టాండు వెనక లేత్ మిషను నడిపే ఆయన్ని అడిగాను. ఆయన తెల్లటి ప్లాస్టిక్ కడ్డీ ఒకటి చూపించాడు. టెఫ్లాన్, వేడికి ఏమీ కాదన్నాడు. నా కొలతల కాగితం చూసి, "మెకానిక్ ఏడున్నడు అక్కా? ఆయన్ని రమ్మను, సమజ్ చేస్త" అన్నాడు.

"మెకానిక్కు నీ ముందే ఉంది. నాకే సమజ్ చెయ్యి."

ఆయన ఒక క్షణం నన్నూ కాగితాన్నీ చూసి నవ్వాడు, కానీ ఆ నవ్వు మంచిదే. ఆ కడ్డీలోంచి మూడు గిన్నె వాచర్లు లేత్ మీద తిప్పి ఇచ్చాడు. అవి వెంట్రుకవాసి పెద్దవయ్యాయి. అంత బారీక్ పని లేత్ మీద కాదు, చేత్తోనే చెయ్యాలన్నాడు. ఎమరీ కాగితం మీద తిప్పుతూ, తొడిగి చూస్తూ, మళ్లీ తీసి రుద్దుతూ తొమ్మిది రోజులు కూర్చున్నాను. ఎక్కువ రుద్దితే నీళ్లు కారతాయి, తక్కువైతే పిస్టన్ కదలదు. రెండు గిన్నెలు పాడుచేసి మళ్లీ తిప్పించుకున్నాను. చివరికి వేలితో నొక్కితే మెల్లగా, నూనెలో జారినట్టు పిస్టన్ దిగింది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం పెళ్లినాడు కూడా కలగలేదు, ఇది కొంచెం కూడా ఎక్కువ చేసి చెప్పడం లేదు.

అప్పుడే తగిలింది దెబ్బ. కొత్త గాజు నాళం, కింద గ్యాసు పొయ్యి అన్నీ అమర్చాను. ఆవిరి ఒత్తిడి చూపించే ముల్లు లేచింది. కాఫీ పొడి వెయ్యకుండా ఉత్త నీళ్లతో చూద్దామనుకున్నాను. చెయ్యి కిందికి గుంజి, పాత అలవాటు కొద్దీ వదిలేశాను. పుట్టినప్పటి నుంచి బోరింగు కొట్టిన చేతులు నావి. బోరింగు హేండిలు కిందికి నొక్కి వదిలితే దానంతటదే పైకి వస్తుంది, మళ్లీ నొక్కుతాం. కానీ ఇక్కడ స్ప్రింగుకు అడ్డుగా పొడి లేదు. ఆ ఇనుప చెయ్యి పైకి లేచిన వేగానికి నాకు కనిపించింది పైకప్పు మాత్రమే. గడ్డం చీలింది, మూడు కుట్లు పడ్డాయి.

ఇక చూడాలి బజారు సంబరం. "మొండిదానికి మిషనే బుద్ధి చెప్పింది" అన్నారు. ఆదివారం గుడిలో ఆడవాళ్లు నా చుట్టూ చేరి ఎంతో దయగా మాట్లాడారు. ఆ దయ నాకు కుట్ల కంటే ఎక్కువ సలిపింది. నాయన కూడా గడ్డం మీది కట్టు చూసి అన్నాడు.

"చాలు బిడ్డా. వాపస్ ఇచ్చేయ్. ఇది నీతోని అయ్యే పని గాదు."

"నాయినా, కమలనగర్ దిక్కు బోరింగు హేండిల్ తగిలి నీ ముందర పన్ను పోయింది గద. మరి ఆనాడు పని మానేసినవా?"

నేను మర్నాడు కట్టుతోనే దుకాణం తెరిచి, గ్యాసు ముట్టించి, మిషను ముందు నిలబడ్డాను. ఈసారి కాస్త పక్కకు.

తర్వాతిది చెయ్యి నేర్చుకోవాల్సిన చదువు. చికోరీ కలిపిన పొడి వేస్తే బంకలా పట్టేసి చుక్క రాలేదు. చిక్కమగళూరు నుంచి గింజలు తెప్పించి, చేతి మరలో నేనే ఆడించాను. బొంబాయి రవ్వలా ఉంటే నీళ్లు బుడబుడా పారిపోతాయి, మైదాలా ఉంటే మిషను మొండికేస్తుంది. ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఒక మెత్తదనం ఉంది, వానపడ్డ రోజు అదీ మారుతుంది. పొడి పోసి, అదిమి, చెయ్యి కిందికి గుంజి, ఎనిమిది అంకెలు లెక్కపెట్టి, పిడి వదలకుండా దాంతోపాటే పైకి పోనివ్వాలి. స్ప్రింగు బలం అరచేతికి తెలుస్తుంది. పొడి సరిగ్గా పడిందో లేదో కప్పులో కాఫీ పడకముందే చేతికి తెలిసిపోతుంది. మళ్లీ గార కట్టకుండా బోరు నీళ్లు మానేసి ఇరవై లీటర్ల క్యాను తెప్పించడం మొదలుపెట్టాను. "మనుషులం బోరు నీళ్లే తాగుతున్నం, మిషనుకు క్యాను నీళ్లా!" అని నాయన గొణిగాడు.

దీపావళి ఇంకా పన్నెండు రోజులుందనగా ఒక పొద్దున తేనె ధారలా సన్నగా, నల్లగా, పైన ఎర్రటి నురగతో దిగింది. అరకప్పు కూడా లేదు. మొదటిది నేనే తాగాను. ఎవరికీ ఇవ్వలేదు. నాలుక మీద చేదు, తర్వాత బెల్లంలాంటి తీపి, చాలాసేపు పోలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

జనానికి మాత్రం అది నచ్చలేదు. మా దిక్కు ఎక్స్‌ప్రెస్సో కాఫీ అంటే పెళ్లిళ్లలో ఇచ్చే పాల నురగ, పైన చాక్లెట్ పొడి. "ఇంతేనా? పొడి చల్లవా?" అన్నారు. చల్లనన్నాను. పాలు వేడి చేసి కలిపి ఇస్తాను, పొడి మాత్రం చల్లనన్నాను. ఇష్టముంటే తాగండి, లేకపోతే పక్కనే చాయ్ ఉంది. వారం తిరిగేసరికి కోర్టు గుమాస్తాలు, కాలేజీ మాస్టర్లు అదే అడగసాగారు. ఎవరో వీడియో తీసి ఫోన్లలో పంపుకున్నారు. అక్కడే వచ్చింది తంటా.

పండుగ నాలుగు రోజులుందనగా పొద్దున్నే దుకాణం ముందు కారు ఆగింది. సావుకారి దిగాడు. ఆయన వెనక హైదరాబాదులో కాఫీ దుకాణం ఉందని చెప్పుకున్న ఒక కుర్ర యజమాని. మిషను చుట్టూ తిరిగి పది ఫోటోలు తీసుకున్నాడు. "మేడమ్, పని చేసే కండిషన్‌లో ఇలాంటిది ఎక్కడా లేదండీ" అన్నాడు.

సావుకారి గొంతు సవరించుకున్నాడు. "చెల్లె, మిషను ఈయనతోని పంపుతున్న. నీ మెహనత్ ఊకెనే పోదు, ఏమన్న ఇప్పిస్త."

"నడిస్తే నాదన్నరు."

"అన్న. నిజంగ నడుస్తదని ఎవరికెరుక? మాటవరసకు అన్న."

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. నేను అరవలేదు. గ్యాసు ఆపేశాను. ఆవిరి కుళాయి పూర్తిగా తిప్పాను. తెల్లటి ఆవిరి బుస్సుమని వాళ్లిద్దరి మధ్యలోంచి పోయింది, హైదరాబాదు ఆయన కళ్లజోడు మసకబారింది. బల్లల మీద కూర్చున్నవాళ్లు కప్పులతో సహా లేచి నిలబడ్డారు. నేను పానా తీసుకుని నాలుగు బోల్టులు విప్పాను. మిషను తల పైకి లేపి, చేతికి గుడ్డ చుట్టుకుని పిస్టన్ బయటికి తీశాను. మూడు తెల్ల గిన్నెలనూ ఒక్కొక్కటిగా ఊడదీసి స్టీలు గ్లాసులో వేశాను.

"మీ బాపు కొన్నది మీరు తీస్కపోండి సావుకారీ. నేను చేసింది నా దగ్గర ఉంటది. తూకానికైతే ఏం తక్కువ గాదు, జోకి చూస్కోండి."

హైదరాబాదు ఆయన గ్లాసులోకి తొంగిచూశాడు. "అవి లేకుండా నడవదాండీ?"

"నడవది."

"బయట దొరుకుతాయా?"

"ఎక్కడా దొరకవు."

ఇది పూర్తిగా నిజం కాదు. ఏ దేశంలోనో దొరుకుతాయి, తెప్పించుకోవచ్చు. కానీ మాట తప్పినవాళ్లకు దారి కూడా నేనే చూపించాలా?

సావుకారి ముఖం ఎర్రబడింది. నన్ను వదిలి, బల్ల మీద కూర్చున్న నాయన వైపు తిరిగాడు. "కాకా, ఏందిది జబర్దస్తీ? నీ బిడ్డకు చెప్పు. లేకుంటే నువ్వే బిగించియ్యి. ముప్పై ఏండ్ల మిస్త్రీవి, ఇది నీకెంత?"

అంతసేపూ లేని భయం అప్పుడు పట్టుకుంది. నాయన రెండు నెలలుగా అన్నీ చూస్తూనే ఉన్నాడు. ఏ బోల్టు ఎక్కడ పోతుందో ఆయనకు తెలుసు. బిగించగలడు. ఆయన చెయ్యి చాపితే నేను బజారుతో కొట్లాడినట్టు ఆయనతో కొట్లాడలేను. ఆయన బల్ల మీంచి లేచాడు, వచ్చి గ్లాసు అందుకున్నాడు. ఒక గిన్నె తీసి, దాని అంచు చుట్టూ బొటనవేలు నెమ్మదిగా తిప్పాడు. రెండోదీ, మూడోదీ అలాగే చూశాడు.

"ఇది బోరింగు గాదు సావుకారీ" అన్నాడు. "దీని మిస్త్రీ ఆమె. మాట్లాడాలంటే ఆమెతోని మాట్లాడు." గ్లాసు తెచ్చి నా చేతిలోనే పెట్టాడు.

హైదరాబాదు ఆయన వాచీ చూసుకుని, మళ్లీ ఫోను చేస్తానని కారెక్కాడు. సావుకారి నడిరోడ్డు మీద మిగిలాడు. కోర్టు గుమాస్తా ఒకాయన కప్పు కింద పెట్టి, "అయిదుగురి ముందల ఇచ్చిన మాట గద సావుకారీ. మాట తప్పిన దుకాణంల రేపు పెండ్లి సామాను ఎవరు కొంటరు?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. సావుకారి కాసేపు మిషనునూ, కాసేపు జనాన్నీ చూశాడు. "సరే, ఉంచుకో" అని కదలబోయాడు.

"మాట నిన్నటిదాకా చెల్లింది. ఇయ్యాల రాసియ్యండి" అన్నాను.

జేబులోంచి దుకాణం చిట్టీల పుస్తకం తీశాడు. కాఫీ మిషను ఒకటి, ఇచ్చివేయడమైనది అని రాశాడు. కలం ఆపి, నాయన వైపు తలెత్తాడు.

"ఎవరి పేరు మీద రాయాలె కాకా? నీ పేరేనా?"

"ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" నాయన విసుక్కున్నాడు. "మిస్త్రీ పేరు రాయి."

నా పేరు నేనే చెప్పాను. ఇంటిపేరుతో సహా, నిదానంగా, ఒక్కో అక్షరం ఆయన రాయడం అయ్యేదాకా ఆగి.